సెల్ బ్రాడ్‌కాస్ట్: నంబరు తెలియకుండానే ఫోన్‌కు చేరే ప్రమాద హెచ్చరిక

2023 ద్వితీయార్ధంలో దేశంలోని అనేక ప్రాంతాల్లో మొబైల్ ఫోన్లు ఒక్కసారిగా పెద్ద శబ్దంతో మోగాయి. తెరపై ‘ఎమర్జెన్సీ అలర్ట్’ అన్న శీర్షిక, దాని కింద ఇది పరీక్ష మాత్రమేనన్న సందేశం కనిపించాయి. ఫోన్ హ్యాక్ అయిందేమోనని కంగారు పడినవాళ్లూ ఉన్నారు. నిజానికి అది కేంద్ర టెలికాం శాఖ, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కలిసి జరిపిన సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్ష.

ఎస్సెమ్మెస్‌కూ దీనికీ తేడా ఏమిటి?

ఎస్సెమ్మెస్ ఇంటింటికీ ఉత్తరం పంచడం లాంటిది. ఎవరికి పంపాలో నంబర్లు తెలిసి ఉండాలి, ఒక్కొక్కటిగా పంపాలి. తుఫాను వేళ లక్షల మంది ఒకేసారి ఫోన్లు చేస్తుంటే నెట్‌వర్క్ కిక్కిరిసిపోయి, సందేశం గంటల తర్వాత చేరవచ్చు. సెల్ బ్రాడ్‌కాస్ట్ ఊళ్లో దండోరా వేయడం లాంటిది. టవర్ ఒక ఉమ్మడి ఛానల్‌లో సందేశాన్ని ప్రసారం చేస్తే, దాని పరిధిలో ఉన్న ఫోన్లన్నీ దాదాపు ఒకేసారి అందుకుంటాయి. అక్కడ వంద ఫోన్లున్నా లక్ష ఉన్నా నెట్‌వర్క్‌పై పడే భారం ఒక్కటే. ఇంటర్నెట్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. పంపేవారికి ఎవరి నంబరూ తెలియదు, ఎవరు ఎక్కడున్నారో కూడా తెలియదు. ఆ సమయానికి అక్కడ ఉన్న ప్రయాణికులకూ, పొరుగు రాష్ట్రం సిమ్ వాడేవారికీ హెచ్చరిక చేరుతుంది.

ఈ సాంకేతికత కొత్తదేమీ కాదు. 2జీ కాలం నుంచే ఉంది. పాత కీప్యాడ్ ఫోన్ల తెరపై మనం ఉన్న ప్రాంతం పేరు కనిపించేది గుర్తుందా? అది కూడా సెల్ బ్రాడ్‌కాస్టే.

భారత్‌లో ఎలా పనిచేస్తుంది?

వాతావరణ శాఖ, కేంద్ర జల సంఘం వంటి సంస్థలు ఇచ్చే సమాచారం ‘సచేత్’ అనే వేదికకు చేరుతుంది. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థలు దాన్ని పరిశీలించి, ఏ ప్రాంతానికి హెచ్చరిక పంపాలో నిర్ణయిస్తాయి. దీన్ని రూపొందించింది ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్. సెల్ బ్రాడ్‌కాస్ట్ వ్యవస్థను అభివృద్ధి చేసిందీ అదే. కొత్తగా అమ్మే ఫోన్లలో ఈ హెచ్చరికలు అందుకునే సదుపాయం ఉండాలని 2023 ఏప్రిల్‌లో టెలికాం శాఖ నిబంధనలు తెచ్చింది.

తెలుగులో రాస్తే ఎంత పడుతుంది?

సందేశం పేజీలుగా వెళ్తుంది. ఒక పేజీలో ఇంగ్లిష్ అక్షరాలు 93 పడతాయి. తెలుగు లిపిలో 41 సంకేతాలే పడతాయి. గరిష్ఠంగా 15 పేజీలు, అంటే తెలుగుకు 615 సంకేతాలు. పైగా మన గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘రాష్ట్రం’లోని ‘ష్ట్రం’ కంటికి ఒకే అక్షరం, లెక్కలో ఆరు. కాబట్టి ఆఫీసు భాషలో పొడుగాటి వాక్యాలకు ఇక్కడ చోటు లేదు. ఏం రాబోతోంది, ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి అన్నవి ముందే ఉండాలి. చదవడం రానివారికి తెరపై కనిపించే సందేశం ఒక్కటే చాలదు. వారికి విషయం చెప్పే మనిషి పక్కన ఉంటే మేలు.

ఎక్కడ పనిచేయదు?

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10 వేల మంది చనిపోయారు. అప్పట్లో ఊరూరికీ హెచ్చరిక చేర్చే మార్గం లేదు. ఇప్పుడు ఉంది, కానీ టవర్ నిలబడి ఉన్నంతవరకే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు కరెంటుతో పాటు ఫోన్లూ మూగబోయాయి. అందుకే ఈ హెచ్చరిక గాలివాన మొదలయ్యాక కాదు, ముందే రావాలి. అలాగని ప్రతి చిన్న వానకూ ఫోన్లు మోగిస్తే జనం ఆ సదుపాయాన్నే ఆపేసుకుంటారు. 2018 జనవరి 13న అమెరికాలోని హవాయిలో క్షిపణి వస్తోందంటూ పొరపాటున హెచ్చరిక వెళ్లింది. అది తప్పని చెప్పే సందేశం రావడానికి 38 నిమిషాలు పట్టింది.

సముద్రంలో తీరానికి 10-12 కిలోమీటర్లు దాటితే సాధారణంగా సిగ్నలే ఉండదు. 2017 చివర్లో ఓఖీ తుఫానుకు కేరళ, తమిళనాడు మత్స్యకారులు బలైంది ఇలాంటి చోటే. ఆ తర్వాత హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ భాగస్వామ్యంతో ‘జెమినీ’ అనే పరికరం 2019లో వచ్చింది. ఇది ఉపగ్రహం నుంచి సమాచారం అందుకుని, బ్లూటూత్ ద్వారా మత్స్యకారుడి ఫోన్‌కు పంపుతుంది. అయితే దీని ద్వారా తిరిగి కబురు పంపే వీల్లేదు.

ఏం చూసుకోవాలి?

ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో ‘వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్’ అని వెతికితే ఈ సదుపాయం ఆన్‌లో ఉందో లేదో తెలుస్తుంది. పరీక్ష సందేశాలకు వేరే మీట ఉంటుంది. దాన్ని ఆపినా అసలు హెచ్చరికలను ఆపకూడదు. ఓటీపీ, బ్యాంకు వివరాలు, డబ్బు అడిగే సందేశం ఏదైనా విపత్తు హెచ్చరిక కాదు. తుఫాను సూచన ఉన్నప్పుడు ఫోన్ నిండా చార్జింగ్ ఉంచుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఆగిపోయిన ఫోన్‌ను ఏ దండోరా లేపలేదు.