ఫ్రెంచి ఇండియా – పాలన అంతం, విలీనం

పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం, చందర్‌నగర్ ఒకప్పటి ఫ్రెంచి ఇండియాలోని ప్రాంతాలు. 1664లో ఏర్పడిన ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ 1669లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. 1753లో తెలుగు తీరంలోని ఉత్తర సర్కారులు ఫ్రెంచి సేనాని బుస్సీ చేతికొచ్చాయి. ఐదేళ్లకే, 1758 డిసెంబరులో, ఆంగ్లేయులతో జరిగిన చందుర్తి యుద్ధంతో తెలుగునాట ఫ్రెంచివారి పని అయిపోయింది. 1761లో పుదుచ్చేరి కూడా పడిపోయింది. ఆపై సంధుల పుణ్యమా అని తిరిగి దక్కిన ఆ ఐదు చోట్లతోనే పందొమ్మిదో శతాబ్దమంతా గడిచింది.

భారత్‌కు స్వాతంత్ర్యం వచ్చాక, ఫ్రాన్సుతో కుదిరిన 1948 జూన్ ఒప్పందం విలీన నిర్ణయాన్ని ప్రజలకు వదిలింది. చందర్‌నగర్ 1949 జూన్ 19న భారత్‌కు ఓటేసింది. మిగతా నాలుగు చోట్ల ఆ ఓటింగు జరగనే లేదు.

ఆ నాలుగింటిలో ఒకటైన, గోదావరి ఒడ్డున ఉన్న యానాం చుట్టుపక్కల తెలుగువారికి పరాయి ఊరు కాదు. సుంకం లేని విదేశీ సరుకు కోసం మంగళవారం సంతకు జనం తరలివచ్చేవారు. 1929 శారదా చట్టం బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలను నిషేధించినా, యానాంలో అడ్డులేకపోవడంతో కలిగినవారు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి ఇక్కడే పెళ్లి జరిపించేవారు. ఊరికి కల్యాణపురమన్న పేరూ ఉండేది. ఫ్రెంచి చట్టం ఇచ్చిన ఈ వెసులుబాటు మాత్రం గర్వించదగ్గది కాదు.

1954 మార్చిలో పుదుచ్చేరి నాయకుడు ఎడ్వర్డ్ గూబెర్ విలీనం వైపు తిరిగాడు. మే 7న వియత్నాంలోని డీన్ బీన్ ఫూలో ఫ్రెంచి సేన ఓడడంతో వలసలపై ఫ్రాన్సు పట్టు సడలింది. జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో స్వచ్ఛంద సేవకులు యానాంను స్వాధీనం చేసుకుని ఫ్రెంచి జెండా దించారు. నెల తిరిగాక, జులై 16న, ఐ.కె. కుమారన్ నాయకత్వాన మాహే కూడా విడివడింది. సాహసంలో యానాంది ముందడుగు. పుదుచ్చేరి చరిత్రలు దానికి తగిన చోటివ్వలేదు.

అక్టోబరు 18న పుదుచ్చేరిలోని కీళూరులో ఓటు వేసిన 178 మంది ప్రతినిధుల్లో 170 మంది విలీనానికి, 8 మంది వ్యతిరేకంగా నిలిచారు. నవంబరు 1న పాలన భారత్‌కు దక్కింది. 1956 మే 28న ఒడంబడిక కుదిరినా ఫ్రెంచి పార్లమెంటు ఆమోదానికి ఆరేళ్లు పట్టింది. ఫ్రాన్సుకు అల్జీరియా కూడా చేజారాకే, 1962 ఆగస్టు 16న, అది అమల్లోకొచ్చింది. స్థానికులు ఆరు నెలల్లోగా కోరుకుంటే ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకునే వీలు కల్పించారు. 1963 జులై 1న పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమైంది. చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నా యానాం నేటికీ పుదుచ్చేరిలో భాగమే.