కరిచేది పాము, చంపేది ఆలస్యం

నేను బ్రిస్బేన్‌లో కూతురి దగ్గర ఉంటున్నానని తెలిసినప్పటి నుంచి మా తంబళ్లపల్లె వాళ్లు ఫోన్ చేస్తే ముందు అడిగేది పాముల గురించే. "అన్నా, ఆడ ఇండ్లలోకే పాములొస్తాయంట గదా, సాలెపురుగులు గూడా మనిషిని సంపుతాయంట, ఎట్లుండావు?" అంటారు. అడిగే మనిషి అప్పుడే టమోటా తోటకు నీళ్లు కట్టి వచ్చుంటాడు. కరెంటు ఏ అర్ధరాత్రో ఇస్తే లేచి, సెల్‌ఫోన్ వెలుతుర్లో, చెప్పుల్లేని కాళ్లతో గట్టు మీద నడిచిన మనిషి. నా మీద అతనికున్న బెంగలో సగమైనా తన మీద తనకుంటే బాగుండుననిపిస్తుంది.

ఈ మాట ఊరికే అనడం లేదు. మా వైపు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఫార్మసిస్టుగా ఉద్యోగమంతా చేశాను. ఊరివాళ్లకు నేను కాంపౌండరునే. పాముకాటు మందు సీసాలు ఎన్ని వచ్చాయో, ఎన్ని ఖర్చయ్యాయో రిజిస్టర్లో రాసిన చెయ్యి నాది. ఇక్కడికొచ్చాక తీరిక దొరికి రెండు దేశాల లెక్కలూ పక్కపక్కన పెట్టి చూశాను. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకు పోయినవాళ్లు సుమారు 12 లక్షల మందని 2020లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. అంటే ఏడాదికి సగటున 58,000. అందులో 70 శాతం దాకా ఎనిమిది రాష్ట్రాల్లోనే, వాటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆస్ట్రేలియాలో ఏడాదికి ఇద్దరో ముగ్గురో. ప్రపంచంలోకెల్లా విషం ఎక్కువని పేరున్న ఇన్‌లాండ్ తైపాన్ ఉండేది మాత్రం ఇక్కడే! విషం అక్కడ తక్కువా కాదు, ఇక్కడ ఎక్కువా కాదు. తేడా ఎక్కడుందో తెలియాలంటే కాస్త చరిత్రలోకి పోవాలి.

ముందు సాలెపురుగుల సంగతి తేల్చేస్తాను. మా అమ్మాయి ఇంటి గోడల మీద అరచెయ్యంత సాలెపురుగు అప్పుడప్పుడూ కనిపిస్తుంది. హంట్స్‌మన్ అంటారు. అది గూడు కట్టదు, పరుగెత్తి బొద్దింకల్ని పడుతుంది. "కొట్టొద్దు నాయనా, గ్లాసు బోర్లించి కింద అట్టముక్క దోపి బయట వదులుదాం" అంటుంది మా అమ్మాయి. భయపడాల్సినవి వేరే రెండున్నాయి. ఒకటి వీపు మీద ఎర్రచార ఉండే రెడ్‌బ్యాక్. పూలకుండీల కింద, బయట వదిలేసిన బూట్లలో దూరుతుంది. దాని విషానికి మందు 1956లో వచ్చింది. రెండోది సిడ్నీ ఫనెల్‌వెబ్. దాని కాటుకు 13 మంది చనిపోయినట్టు లెక్క ఉంది. స్ట్రువాన్ సదర్లాండ్ అనే డాక్టరు ఏళ్ల తరబడి కష్టపడి 1981లో మందు తయారుచేశాక దానివల్ల ఒక్కరు కూడా పోలేదు.

మనవాళ్లకు సాలెపురుగంటే పండక్కి దులిపే బూజు, అంతే. కానీ మన రాయలసీమ సాలెపురుగే ఒకటి ప్రపంచమంతా తిరుగుతోందని ఎంతమందికి తెలుసు? 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన నీలిరంగు సాలెపురుగును లోకానికి పరిచయం చేశాడు. దాని అసలు చోటు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి; కట్టెలతో పాటు రైలెక్కి గుత్తికి వచ్చి ఉంటుంది. ఆ తర్వాత వందేళ్ల పాటు ఎవరి కంటా పడలేదు. ఇప్పుడు అది అడవిలో అంతరించే దశకు చేరింది గానీ, యూరప్, అమెరికా ఇళ్లల్లో గాజుపెట్టెల్లో పెంపుడు జంతువైంది. అక్కడివాళ్లు డబ్బిచ్చి కొనుక్కుంటున్న పురుగు మన సీమది.

పాముల భయంతో కొత్త దేశంలో అడుగుపెట్టినవాళ్లలో మనం మొదటివాళ్లం కాము. మన దగ్గరికి వచ్చినవాళ్లు అంతకంటే ఎక్కువే భయపడ్డారు. ప్యాట్రిక్ రసెల్ అనే స్కాట్లాండు డాక్టరు 1780ల మొదట్లో తమ్ముడితో పాటు విశాఖపట్నం చేరాడు. ఏ పాము చంపుతుందో, ఏది చంపదో తెలియక కంపెనీ దొరలు కనిపించిన ప్రతి పాముకూ హడలిపోయేవాళ్లు. విషప్పామును చూడగానే పోల్చే గుర్తులు కనిపెట్టాలని రసెల్ పట్టుబట్టాడు. ఊరివాళ్ల చేత పాముల్ని తెప్పించుకున్నాడు, కుక్కల మీదా కోళ్ల మీదా వాటి కాటును పరీక్షించాడు, ఒక్కోదానికి ఊళ్లో జనం పిలిచే పేరు అడిగి రాసుకున్నాడు. 1796లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో రంగుబొమ్మల పక్కన మన తెలుగు పేర్లే ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తాయి. మనం రక్తపింజరి అనే పామును ప్రపంచం ఈరోజు రసెల్స్ వైపర్ అంటున్నది ఆయన పేరు మీదే.

మా మదనపల్లె దాకా వచ్చిన ఇంకో మనిషి జేకబ్ ఛాంబర్లిన్. అమెరికా నుంచి ఆర్కాటు మిషన్ తరఫున వచ్చిన పాదిరి, డాక్టరు కూడా. 1863లో మదనపల్లెలో కాపురం పెట్టాడు. తెలుగు బైబిలును సరిచూసే సంఘానికి ఏళ్ల తరబడి నాయకత్వం వహించాడు. 1908లో మదనపల్లెలోనే కన్నుమూశాడు. తెలుగువాళ్ల మధ్య తన అనుభవాల మీద 1900లో వేసిన పుస్తకానికి ఆయన పెట్టిన పేరు 'ది కోబ్రాస్ డెన్', అంటే నాగుపాము పుట్ట. అమెరికాలో పాఠకుణ్ణి ఆకట్టుకోవాలంటే మన సీమ గురించి ముందు చెప్పాల్సింది పామే అనుకున్నాడన్నమాట. ఈరోజు మనవాళ్లు ఆస్ట్రేలియా గురించి చూసే వీడియోలూ అట్లాంటివే.

ఇక్కడొక నిజం చెప్పుకోవాలి. ఆ కాలంలో పాముకాటు ముందు దొర డాక్టరూ, మన మంత్రగాడూ ఇద్దరూ ఒకటే. దొర డాక్టరు బ్రాందీ తాగించేవాడు, అమ్మోనియా ఇచ్చేవాడు, కాటు చోట కోసి పొటాషియం పర్మాంగనేటు రుద్దేవాడు. మంత్రగాడు వేపమండతో దిగదుడిచేవాడు, వేపాకు నమిలించి చేదు తెలియకపోతే విషం తలకెక్కిందనేవాడు. నెల్లూరు జిల్లాలో ఒక రైల్వే స్టేషన్ మాస్టరుకు టెలిగ్రాం ఇస్తే అక్కడ మంత్రం వేస్తాడనీ, ఇక్కడ విషం దిగుతుందనీ మా పెద్దవాళ్లు గట్టిగా నమ్మారు. బతికినవాళ్లు లేకపోలేదు. మన దేశంలో మూడు వందలకు పైగా పాము జాతులుంటే చాలా భాగానికి మనిషిని చంపే విషం లేదు. విషమున్న పాము కూడా ఒక్కోసారి విషం దించకుండా పొడి కాటు వేసి పోతుంది. అట్లా బతికినవాళ్లంతా మంత్రగాడి ఖాతాలో పడ్డారు. పోయినవాళ్ల లెక్క ఎవరూ రాయలేదు.

మనవాళ్లు నాగుపాముతో సర్దుకుని బతికారు. పుట్టను తవ్వరు, రావిచెట్టు కింద నాగశిలలు నిలుపుతారు, నాగుల చవితికి పాలు, చిమ్మిలి పెడతారు. చీకటి పడితే దాని పేరెత్తరు, 'పురుగు' అంటారు. ఈ భక్తి సముద్రాలు కూడా దాటింది. మద్రాసు ఓడరేవు నుంచి 1903 మొదలు మనవాళ్లు చెరకుతోటల కూలీలుగా ఫిజీకి పోయారు. ఆ దీవుల్లో నాగుపామే లేదు. అయినా లంబాసా దగ్గర పడగ ఆకారంలో ఉన్న బండకు గుడి కట్టి, అది ఏటేటా పెరుగుతోందని నమ్ముతూ ఈరోజుకీ పూజ చేస్తున్నారు. అయితే మన పూజంతా నాగుపాముకే. కట్లపాముకూ, రక్తపింజరికీ, చిన్నపింజరికీ చవితి లేదు. కర్రే ఉంది. మా వైపు మనుషుల్ని ఎక్కువగా తీసేది మాత్రం ఈ చవితి లేనివే. రక్తపింజరి చెనిక్కాయ కట్టెలో, ఆకుల మధ్య కదలకుండా పడుంటుంది, తొక్కితే వేస్తుంది. కట్లపాము రాత్రిపూట ఇంట్లోకొచ్చి కింద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి దాదాపు ఉండదు, గాటు కూడా కనపడదు. తెల్లవారి కడుపునొప్పి అంటారు, రెప్పలు వాలిపోతుంటాయి, మాట ముద్దగా వస్తుంది. గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుని మధ్యాహ్నానికి మా దగ్గరికి తెచ్చినవాళ్లు ఎందరో.

మందు పుట్టింది 1890ల్లో. ఆల్బర్ట్ కాల్మెట్ అనే ఫ్రెంచి డాక్టరు సైగాన్‌లో పరిశోధన మొదలుపెట్టి నాగుపాము విషాన్ని కొద్దికొద్దిగా జంతువులకు ఎక్కించి, వాటి నెత్తురు నుంచి విరుగుడు తీశాడు. ఇప్పటికీ పద్ధతి అదే. గుర్రానికి విషం ఎక్కిస్తారు, దాని సీరం మనకు మందవుతుంది. మన దేశంలో మొదట కసౌలీలో, తర్వాత బొంబాయి హాఫ్‌కిన్ సంస్థలో తయారైంది. ఈరోజు ఆస్పత్రిలో ఉండే పొడి సీసా నాలుగు పాములకు పనిచేస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. పింజరి కాటా కాదా తేల్చుకోవడానికి మాకు పెద్ద యంత్రం అక్కర్లేదు. రోగి నెత్తురు కాస్త శుభ్రమైన గాజుగొట్టంలో పోసి 20 నిమిషాలు కదిలించకుండా పెడతాం. గడ్డ కట్టకపోతే పింజరే. 10 సీసాలతో మొదలుపెట్టి సెలైన్లో ఎక్కిస్తాం.

ఆ సీసాలోకి విషం ఎక్కణ్ణుంచి వస్తుందో చాలామందికి తెలియదు. మన చిత్తూరు పక్కనున్న చెంగల్పట్టులో ఇరుళ్లనే గిరిజనుల చేతుల్లోంచి. ఒకప్పుడు వాళ్లు పాముల్ని పట్టి చర్మాలు అమ్ముకునేవాళ్లు. వన్యప్రాణి చట్టం వచ్చి ఆ బతుకుదెరువు పోయింది. పాముల నిపుణుడు రొములస్ విటేకర్ చొరవతో 1978లో వాళ్లే ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. పామును పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. 2017లో ఇద్దరు ఇరుళ్లను అమెరికాలోని ఫ్లోరిడాకు పిలిపించారు. అక్కడి చిత్తడి అడవుల్లో విపరీతంగా పెరిగిపోయిన బర్మా కొండచిలువల్ని పట్టడం అక్కడివాళ్ల తరం కాలేదు. వీళ్లు దిగిన మొదటి 8 రోజుల్లోనే 13 పట్టారు. వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఆ ఇద్దరికీ 2023లో పద్మశ్రీ వచ్చింది. మేం ఇచ్చిన ప్రతి సీసా వెనకా అట్లాంటి మనుషులున్నారు.

ఇప్పుడు ఆస్ట్రేలియా కథ. ఇక్కడ టైగర్ స్నేక్ విషానికి మందు 1930లో వచ్చింది. తైపాన్‌కు మాత్రం చాలా కాలం లేదు, దాన్ని బతికుండగా పట్టినవాళ్లే అరుదు. 1950లో కెవిన్ బడ్డెన్ అనే 20 ఏళ్ల కుర్రాడు కెయిర్న్స్‌లో తైపాన్‌ను పట్టాడు. సంచిలో వేసేటప్పుడు అది కరిచింది. పామును చంపొద్దు, విషం తీయడానికి పంపండి అని చెప్పి మరుసటి రోజు చనిపోయాడు. ఆ పామును మెల్‌బోర్న్‌కు పంపారు. 1955కల్లా మందు తయారైంది. 1979లో సదర్లాండ్, పాము కాటేసిన కాలికి పైదాకా సాగే గుడ్డతో కట్టు కట్టి, కదలకుండా పెట్టే పద్ధతి నేర్పాడు. ఇక్కడ బడిపిల్లలకూ అది వచ్చు. అంబులెన్సు వస్తుంది, కొండల్లోనైతే హెలికాప్టరు వస్తుంది. పాము కనిపిస్తే కొట్టరు, లైసెన్సున్న పాములవాణ్ణి పిలుస్తారు. కొట్టబోయినవాణ్ణే పాము ఎక్కువగా కరుస్తుందని అందరికీ తెలుసు.

ఆ కట్టు మన దగ్గర మాత్రం పనికిరాదు. ఇక్కడి విషప్పాముల్లో చాలావరకు నరాల మీద పనిచేసేవి. మన పింజరి విషం కండనే కుళ్లబెడుతుంది, బిగించి కడితే కాలే పోవచ్చు. తాడు కట్టడం, కోయడం, పీల్చడం ఇంకా ప్రమాదం. ఒక దేశపు పాఠం ఇంకో దేశానికి ఉన్నదున్నట్టు అతకదు. నేర్చుకోవాల్సింది ఒక్కటే, త్వరగా ఆస్పత్రికి చేరడం.

మనకు ఇప్పుడు దారులు లేకపోలేదు. 2005 నుంచి 108 బండి ఉంది. 2030కల్లా పాముకాటు మరణాల్ని సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. మందు మన దగ్గరే తయారవుతోంది, పక్క జిల్లా మనుషుల చేతుల మీదుగా. అయినా మన మనిషి గుడి దగ్గరో, మంత్రగాడి గడపలోనో గంటలు పోగొట్టుకుంటున్నాడు.

అందుకే నాకు ఫోన్ చేసే తమ్ముళ్లకు నా జవాబు ఇదే. నా గురించి దిగులు పడొద్దు. నీళ్లు కట్టను పోయేటప్పుడు మోకాలి దాకా రబ్బరు బూట్లు వేసుకోండి, మంచి టార్చి పట్టుకోండి. కింద పడుకోకుండా మంచం వేసుకుని దోమతెర లోపలికి దోపండి. పురుగు ముట్టిందంటే కాలు కదలనివ్వకుండా కట్టెతో ఆనించి, 108కు ఫోన్ చేసి, మదనపల్లె పెద్దాస్పత్రికి పొండి. మంత్రం వేయించుకోవాలని మనసు పీకితే, సెలైన్ ఎక్కుతుండగా వేయించుకోండి.