బందరు అద్దకపు తెరలు

గృహాలంకరణము సంపన్నుల వేడుక యనియు, దానికిని దేశచరిత్రకును సంబంధము లేదనియు మనలో ననేకులు తలంతురు. ఈ తలంపు సరియైనది కాదు. ఒక జాతి తన యింటి గోడపై వ్రేలాడదీసిన గుడ్డను జూచి, ఆ జాతికి చెట్టుతోను, నీటితోను, శిల్పముతోను ఎట్టి పరిచయముండెనో చెప్పవచ్చును. ఆంధ్రదేశమున నిందులకు బందరు అద్దకపు తెరలే మంచి నిదర్శనము.

నేడు లోకమున వాడుకయైన కలంకారీ యను పేరు పారసీకము. కలమనగా లేఖిని, కారీ యనగా పని. తెలుగున దీనిని వ్రాతపని యందురు. శ్రీకాళహస్తిలో కలముతో వ్రాయుటయే ప్రధానము. అచ్చటి తెరలు దేవాలయముల కొఱకు పుట్టి రామాయణ భారత కథలను చూపునవి. బందరులో కలముతోపాటు చెక్క అచ్చులతో నద్దుటయు ప్రబలి, కాలక్రమమున నదియే ముఖ్యమైనది. గోలకొండ సుల్తానుల కాలమున బందరు వారి రాజ్యమునకు పెద్ద రేవు. డచ్చివారును, 1611లో నింగ్లీషువారును ఇచ్చట దిగుటకు ఈ తీరపు నూలుగుడ్డలే ముఖ్యకారణము.

ఆ తెరలపై గనబడు రూపములు ప్రధానముగ రెండు తెగలవి. ఒకటి వనమునుండి వచ్చినది. రెండవది కట్టడమునుండి వచ్చినది. ఐరోపాకు బోయిన పలంగుపోషులపై మిట్టమీద వేళ్లూనిన యొక మహావృక్షము వంకలు తిరుగుచు, కొమ్మకొక తీరు పువ్వుతో గుడ్డయంతయు నిండియుండును. పారసీకమునకు బోయిన గుడ్డలపై మసీదు గోడలోని కమాను, దానిలో పూలగుత్తి, చుట్టును అంచు తీగె కనబడును. అమెరికాలోని బ్రూక్లిన్ మ్యూజియమువారు 1914లో సంపాదించిన యొక పెద్ద తెర యిందుకు ప్రసిద్ధమైన యుదాహరణము. 17వ శతాబ్ది పూర్వార్ధమున కోరమాండలు తీరమున తయారైన యా తెర యిప్పుడేడు ఖండములుగ నున్నది. ఒక్కొక్క ఖండమును మేడవలె అంతస్తులుగను కమానులుగను విభజించి, వానిక్రింద నానాదేశముల జనులను చిత్రించిరి. దక్కనులోను మొగలుల దండులలోను గుడారములకు గోడలు గుడ్డవే. కనుక నీ పనివారు గోడకు సొమ్ము చేయుటయే కాక, గోడలేని చోట గోడనే నిలిపిరని చెప్పవలెను.

ఈ పని జరుగు విధమును తెలిసికొననిదే దీని గొప్పతనము బోధపడదు. నూలుగుడ్డను బాగుగ నుతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి యారబెట్టుదురు. పాలలోని క్రొవ్వువలన వ్రాసిన గీత చెదరిపోదు. ఇనుపతుక్కును బెల్లపునీటిలో నానబెట్టగా వచ్చిన ద్రవముతో గీచినచో కరక్కాయతో గలిసి నలుపు తేలును. ఎఱుపు కావలసిన చోట పటికనీరు పూయుదురు. పటికకు స్వయముగ రంగు లేదు. కాని గుడ్డను చిరివేరుతో కాచినప్పుడు పటిక తగిలినంతమేర ఎఱుపు నిలిచిపోవును. తక్కిన భాగమునకు అంటిన మరక పేడనీటిచేతను ఎండచేతను వదలిపోవును. నీలము తగులరాని చోట్ల మైనము పూసి నీలితొట్టిలో ముంచుదురు. పసుపు కడపటిది. ఇచ్చట గుడ్డపై రంగు పూయబడుట లేదు. గుడ్డలోనే రంగు పుట్టుచున్నది.

ఇందు నడుగడుగునను పాఱునీరు కావలెను. అదనపు పటికను నీరు తీసికొనిపోనిచో పువ్వుల యంచులు మసకబాఱును. కృష్ణ కాలువలును, ఎండయు, తీరపు టిసుకనేలల చిరివేరును ఒక్కచోట కూడుటచేతనే యీ విద్య బందరున నిలిచినది. 1742లో కూర్దూ యను ఫ్రెంచి పాదిరి యీ రహస్యములను పనివారివలన విని తన దేశమునకు జాబుగా వ్రాసెను. తెలుగు, సంస్కృతము నేర్చిన పండితుడాయన.

ఈ గుడ్డలపై మోజు ఐరోపా నేతగాండ్రకు కంటకమయ్యెను. ఫ్రాన్సు 1686లో వానిని నిషేధించి 1759 వరకు విడువలేదు. ఇంగ్లండు 1700లో దిగుమతిని నిరోధించి, 1721లో నద్దకపు నూలుగుడ్డలను కట్టుటయే కాక, పాన్పులకును కుర్చీలకును వాడుటయు నేరమని శాసించెను. పిదప వారి యంత్రములే యద్దకము నేర్చెను. 1864 నవంబరులో వచ్చిన యుప్పెనకు బందరు ప్రాంతమున సుమారు 30,000 మంది మరణించిరి. నాలుగేండ్లలో, అనగా 1868లో, జర్మను శాస్త్రజ్ఞులు గ్రేబె, లీబర్మనులు అలిజరిన్‌ను కృత్రిమముగ చేసిరి. చిరివేరులో ఎఱుపునకు మూలమైన పదార్థమిదియే. 1897లో కృత్రిమనీలియు బజారునకు వచ్చెను. ఇసుకనేలలో వేరు త్రవ్వి యెండబెట్టువాని శ్రమకు వెల లేకపోయెను.

శాస్త్రమును దూషించుట నా యుద్దేశము కాదు. చెట్టు రంగులన్నియు నిర్దోషములనుటయు భ్రమయే. కాచుటకు కట్టెలు కావలెను; ఉతుకుటకు నీరు విస్తారముగ కావలెను; పటికనీరు చివరకు కాలువలోనే కలియును. కాని పూర్వపు పనివానికి నీరు చెడినచో రంగును చెడును. కనుక కాలువ శుభ్రత వానికి ధర్మోపదేశము కాదు, జీవనోపాధి. నీటి మేలును పని మేలును ఒకటిగ ముడివడియున్న యీ బంధమే మనము పోగొట్టుకొన్న యసలు ధనము.

1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడిన పిదప కమలాదేవీ చట్టోపాధ్యాయ మొదలగువారి కృషివలన నీ కళ మరల తలయెత్తినది. నేడు బందరు చెంత పెడన గ్రామమున అచ్చు చప్పుడు వినబడుచునే యున్నది. కాని అంగళ్లలో మరగుడ్డపై యంత్రము వేసిన బొమ్మయు కలంకారీ యను పేరుతోనే, నాల్గవవంతు వెలకు, చెల్లిపోవుచున్నది. మనమేమో ప్రదర్శనశాలలో పాతతెర ముందు నిలిచి చేతులు జోడింతుము. అంగడిలో ఆ పనివాని మనుమని కూలివద్ద గీచి గీచి బేరమాడుదుము. ఈ రెండు నడతలకు పొందిక యెక్కడ?

ఇంటికి తెర కొనువారు మూడు ప్రశ్నలు వేయవలెను: ఈ రంగు దేనిలోనుండి వచ్చినది? ఉతికిన నీరెక్కడికి పోయినది? అద్దిన చేతికెంత ముట్టినది? అంగడివాడు బదులు చెప్పలేకపోయినను, పదిమంది యడిగినచో పదునొకండవవానికి చెప్పుటకైనను తెలిసికొనును. గోడపై చెట్టును నిలుపుకొనువారు కాలువలోని నీటిని గూర్చి కూడ విచారింపవలెను.