కారుతో కారు మాట్లాడితే యాక్సిడెంట్లు ఆగుతాయా? వీటూవీ టెక్నాలజీలో అసలు చిక్కు ఇదే!

హైవేపై ముందు పెద్ద లారీ. దాని ముందున్న కారు సడెన్‌గా బ్రేక్ వేసింది. లారీ అడ్డం ఉండటంతో వెనకున్న డ్రైవర్‌కు ఆ బ్రేక్ లైట్ కనపడదు. కారులోని కెమెరాకూ కనపడదు. అదే, బ్రేక్ పడిన సంగతి రేడియో ద్వారా నేరుగా వెనక బండికి చేరితే..? లారీ డ్రైవర్ బ్రేక్ తొక్కకముందే వెనక కారులో అలర్ట్ మోగుతుంది. దీన్నే వెహికల్ టు వెహికల్, షార్ట్‌గా వీటూవీ అంటారు.

మధ్యలో టవర్ ఉండదు. సిమ్, డేటా ప్యాక్ అక్కర్లేదు. తానెక్కడుంది, ఎంత స్పీడ్‌లో ఎటు వెళ్తోంది, బ్రేక్ వేసిందా.. ఈ వివరాలతో ప్రతి బండీ సెకనుకు దాదాపు 10 సార్లు ఒక చిన్న మెసేజ్ పంపుతూనే ఉంటుంది. అడ్డంకులు లేకుంటే 300 మీటర్ల దాకా అందుతుంది. చాలా దేశాల్లో దీనికి 5.9 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను వాడుతున్నారు.

అయితే చిక్కంతా ఆ మెసేజ్ నమ్మకంగా చేరడంలోనే ఉంది. వాట్సాప్‌లో అయితే రెండు టిక్కులు పడతాయి. ఇక్కడ టిక్కుల్లేవు. అందరికీ వినపడేలా అరిచి ఊరుకోవడమే. ఒక మెసేజ్ పోయినా సెకనులో పదో వంతుకు ఇంకోటి వస్తుంది కాబట్టి ఫర్వాలేదు. వరుసగా ఐదు పోతే మాత్రం అర సెకను ఏమీ తెలియదు. 100 కిలోమీటర్ల స్పీడ్‌లో ఆలోపు కారు దాదాపు 14 మీటర్లు ముందుకెళ్లిపోతుంది.

ఎందుకు పోతాయంటే.. ట్రాఫిక్ జామ్‌లో వందల బండ్లు ఒకేసారి మాట్లాడతాయి. వైఫై తరహా డీఎస్ఆర్‌సీ పద్ధతిలో బండి ముందు విని, ఎవరూ మాట్లాడట్లేదంటేనే పంపుతుంది. కానీ లారీకి అటొకటి ఇటొకటి ఉన్న బండ్లు ఒకదాన్నొకటి వినలేవు. ఇద్దరూ ఒకేసారి పంపితే మధ్యలో ఉన్నవాడికి రెండూ అర్థం కావు. మొబైల్ టెక్నాలజీ నుంచి వచ్చిన సీ-వీటూఎక్స్‌లో బండ్లు టైమ్ స్లాట్లను ముందే రిజర్వ్ చేసుకుంటాయి. ఇది మెరుగే. కాకపోతే ఇద్దరు ఒకే స్లాట్ పట్టుకుంటే కాసేపు వరుసగా ఢీకొంటూనే ఉంటాయి. అందుకే రద్దీ పెరిగితే మెసేజ్‌ల జోరు తగ్గించే ఏర్పాటు కూడా పెట్టారు.

ఇక దొంగ మెసేజ్‌ల సంగతి. ఎవడో ‘ముందు బ్రేక్ పడింది’ అని అబద్ధం పంపితే? అందుకే ప్రతి మెసేజ్‌కూ డిజిటల్ సంతకం ఉంటుంది. బండిని ఎవరూ వెంటాడకుండా ఆ సంతకపు గుర్తింపు తరచూ మారుతుంది.

విచిత్రమేంటంటే ఈ రెండు పద్ధతులకూ ఒకదాని భాష ఇంకోదానికి రాదు. అమెరికా 1999లోనే ఇందుకు 75 మెగాహెర్ట్జ్ కేటాయించింది. ఏళ్లు గడిచినా పెద్దగా వాడకంలోకి రాకపోవడంతో 2020లో దాన్ని 30కి కుదించి, సీ-వీటూఎక్స్ వైపు మొగ్గింది. ఇరవై ఏళ్లు అలా కరిగిపోయాయి.

మన దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లో సుజుకీతో కలిసి ఈ టెక్నాలజీని ప్రదర్శించారు. అంబులెన్స్ వస్తోందని, రాంగ్ రూట్‌లో బండి వస్తోందని ముందే చెప్పడం అందులో ఉన్నాయి. రాంగ్ రూట్ అలర్ట్ అవసరమేంటో మన హైవేలపై తిరిగేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

లెక్క మాత్రం కఠినం. పది బండ్లలో ఒకదానికే ఈ రేడియో ఉంటే, ఎదురుపడే రెండు బండ్లకూ అది ఉండే అవకాశం వందలో ఒక్కటే. కొత్త కార్లకు బిగిస్తే సరిపోదు. బైకులు, ఆటోలు, రాత్రిపూట లైట్లు లేకుండా రోడ్డెక్కే ట్రాక్టర్ ట్రాలీలూ ఈ మాటల్లో చేరాలి.