బొంబాయి తాజ్ - కామాఠీ కూలీలు

సముద్రానికి వందల మైళ్ళ దూరాన కోహీరులో కూర్చుని బొంబాయి తాజమహల్ హోటలు చరిత్ర వ్రాయడమెందుకని పాఠకులు అడగవచ్చు. జహీరాబాదు మీదుగా పోయే పెద్దరోడ్డును మా వైపు జనం బొంబాయి రోడ్డు అంటారు. జవాబు ఆ పేరులోనే వున్నది. హైదరాబాదు రాజ్యపు తెలుగు పల్లెలనుంచి కూలికై వలసపోయినవారిని బొంబాయి నగరం కామాఠీలన్నది. వారు కాపురమున్న పేట కామాఠీపుర అయింది.

హోటలును 1903 డిసెంబరు 16న తెరిచారు. కట్టించినవాడు జంషెట్జీ టాటా. తెల్లవారి వాట్సన్ హోటలు ఆయనను గుమ్మంలోనే ఆపిందనీ, ఆ అవమానమే దీనికి పునాది అనీ ఒక ప్రసిద్ధమైన కథ. దీన్ని ఒప్పుకోని చరిత్రకారులున్నారు. ఏమైనా, పరాయిపాలనలో భారతీయుల ఆత్మగౌరవానికి ఈ భవనం చిహ్నమైందంటే నేను కాదనను. ప్లాను గీసినవారు సీతారాం ఖండేరావు వైద్య, డి. ఎన్. మీర్జా. వైద్య మరణించాక పని ముగించినవాడు ఆంగ్లేయుడు ఛేంబర్స్.

అయితే ఆ ఆత్మగౌరవంలో ఎవరి వాటా ఎంత? 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టింది. కూలిజనం వేలాదిగా ఊరు విడిచారు. 1898లో నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడింది. ఆరోగ్యం పేరిట పేదల ఇరుకు వాడలను కూలగొట్టింది. సరిగ్గా ఆ కాలంలోనే సముద్రపుటొడ్డున ఈ మేడ లేచింది. ఒంటిరంగు చూసి మూసుకునే తలుపు పోయి, డబ్బు చూసి తెరుచుకునే తలుపు వచ్చింది. ఇది ముందడుగే. కాని పేదవాని దాకా రాని ముందడుగు.

ఆగ్రా తాజ్ విషయంలో శ్రీశ్రీ వేసిన ప్రశ్న బొంబాయి తాజ్‌కూ వర్తిస్తుంది. నేను చదివిన పుస్తకాల్లో యజమాని పేరున్నది, ఇంజనీర్ల పేర్లున్నాయి, బసచేసిన రాజుల పేర్లున్నాయి. రాయి మోసినవాని పేరు ఒక్కటీ కనబడలేదు.

2008 నవంబరు 26న ఉగ్రవాదులు హోటలుపై దాడిచేసినప్పుడు అతిథులను కాపాడబోయి సిబ్బందిలో పలువురు ప్రాణాలిచ్చారు. అక్కడ మరణించిన 31 మంది పేర్లతో హోటలులో స్మారకం వెలసింది. వంటవాని పేరు అతిథి పేరు సరసన నిలిచింది. శ్రామికుని పేరు చరిత్రకెక్కడం అసాధ్యం కాదని దీనివల్ల తేలుతున్నది. అందుకు వాడు చచ్చేదాకా ఆగనక్కరలేదు. తెలంగాణ హాస్టళ్ళలో కామాటి అనే కొలువు నేటికీ వున్నది. ఆ మాట వెనుకనున్న వలసల చరిత్రను మన విద్యార్థులకు చెప్పడంతో పని మొదలుపెట్టవచ్చు.