లోపం నుంచి ఆదేశం దాకా: విమానాల తప్పనిసరి తనిఖీల చరిత్రలో తెలుగు నేల

వ్యాస సంగ్రహం

విమానం తయారైన నాడు పొందిన యోగ్యత అది ఎగిరినంత కాలం నిలిచి ఉండదు. వాడుకలో లోహం అలసిపోతుంది, భాగాలు అరుగుతాయి, రూపకల్పనలో దాగిన దోషాలు బయటపడతాయి. ఒక విమానంలో కనిపించిన దోషాన్ని ఆ రకం విమానాలన్నింటిలోనూ వెతికి సరిచేయాలని ప్రభుత్వం ఆజ్ఞాపించడమే తప్పనిసరి తనిఖీ విధానానికి మూలం. 1932 నాటి బళ్ళారి తపాలా విమానం మొదలు 2025లో శంషాబాద్‌లో వెలసిన ఇంజన్ల నిర్వహణ కేంద్రం వరకు ఈ విధానం ఎలా రూపుదిద్దుకున్నదో, ఆజ్ఞాపించే అధికారం ఎవరి చేతుల్లోకి ఎలా వచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: విమాన యోగ్యత, తప్పనిసరి తనిఖీ, ఇంజన్ నిర్వహణ, దత్తమండలం, బళ్ళారి, పుట్టపర్తి, శంషాబాద్.

1. ప్రవేశిక

కదిరి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతం విమానయాన చరిత్రలో సాధారణంగా ప్రస్తావనకు రాదు. అయితే ఈ ప్రాంతానికి వాయవ్యంగా ఉన్న బళ్ళారి 1932 నాటి టాటా తపాలా విమాన మార్గంలో ఒక మజిలీ. దక్షిణాన ఉన్న బెంగళూరు దేశంలో విమాన నిర్మాణానికి, మరమ్మతుకు పుట్టినిల్లు. కదిరి ఉన్న శ్రీ సత్యసాయి జిల్లాలోనే పుట్టపర్తి విమానాశ్రయం ఉంది. ఈ మూడు స్థలాలనూ, వాటితో పాటు హైదరాబాదునూ కలిపి చూసినప్పుడు, విమానం ఎక్కడ దిగింది, ఎవరు నడిపారు అన్న ప్రశ్నలకంటె లోతైన ప్రశ్న ఒకటి ఎదురవుతుంది. ఈ విమానం నేడు ఎగరరాదని చెప్పగలిగినవారు ఎవరు?

2. బళ్ళారి మజిలీ: యోగ్యత ఇక్కడ, జ్ఞానం అక్కడ

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి తపాలా విమానాన్ని నడిపాడు. అక్కడినుంచి నెవిల్ విన్సెంట్ ఆ తపాలాను బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. అప్పటికి బళ్ళారి, అనంతపురం రెండూ మద్రాసు రాజధానిలోని దత్తమండల జిల్లాలు. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడింది కూడా బళ్ళారి జిల్లా నుంచే.

ఆ సేవకు వాడిన విమానం డి హావిలాండ్ సంస్థ తయారుచేసిన పస్ మాత్. 1930 దశకం తొలి సంవత్సరాలలో వివిధ దేశాలలో ఈ రకం విమానాలు కొన్ని గాలిలోనే రెక్కలు విరిగి కూలిపోయాయి. బ్రిటన్‌లో పరిశోధకులు కారణాలు వెతికి, రెక్కకు ఆధారమైన ముందు దండాన్ని ఒక చిన్న ఊతకడ్డీతో బలపరచే మార్పును సూచించారు. దక్షిణాఫ్రికాలోనో ఆస్ట్రేలియాలోనో విరిగిన రెక్క బళ్ళారిలో దిగే విమానానికి కూడా సంబంధించినదే. దోషం ఒక విమానానిది కాక ఆ రూపకల్పనది అయినప్పుడు దానికి దేశాల సరిహద్దులు ఉండవు. అయితే ఆ దోషాన్ని గుర్తించే ప్రయోగశాల గాని, మార్పును నిర్ణయించే అధికారం గాని నాటి భారతదేశంలో లేవు. విమానం ఇక్కడ ఎగిరింది, దానిని గూర్చిన జ్ఞానం మాత్రం ఇంగ్లండులో ఉండిపోయింది.

3. చట్టం, సంతకం

1934 నాటి విమాన చట్టం, 1937 నాటి విమాన నియమావళి ఈ రంగానికి శాసన రూపం ఇచ్చాయి. యోగ్యతాపత్రం లేని విమానం ఎగరరాదు. మరమ్మతు గాని, మార్పు గాని నిర్ణీత విధానంలోనే జరగాలి. పని పూర్తయిన తరువాత లైసెన్సు పొందిన నిర్వహణ ఇంజనీరు దానిని ధ్రువీకరించి సంతకం చేయాలి. ఈ మూడింటిలో చారిత్రకంగా అత్యంత ముఖ్యమైనది సంతకం. యంత్రం స్థితికి ఒక వ్యక్తిని చట్టపరంగా బాధ్యుణ్ణి చేసినది అదే. ఆ సంతకం ఉన్న లాగ్‌బుక్కు విమానంతో పాటు జీవితాంతం ప్రయాణిస్తుంది. ఏ భాగం ఎన్ని గంటలు తిరిగింది, ఏ ఆదేశం ఏనాడు అమలైంది అన్న వివరాలు అందులో లేకపోతే, యంత్రం ఎంత బాగున్నా చట్టం దృష్టిలో దాని యోగ్యత సందేహాస్పదమే.

4. బెంగళూరు, హైదరాబాదు: మరమ్మతు నేర్చిన చేతులు

1940 డిసెంబరులో బెంగళూరులో స్థాపితమైన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా వైమానిక దళపు విమానాలను, ఇంజన్లను విప్పి బాగుచేసే పెద్ద కేంద్రంగా మారింది. యుద్ధం ముగిశాక మిగులు డకోటా విమానాలను పౌర రవాణాకు అనువుగా మార్చే పని కూడా అక్కడ జరిగింది. హైదరాబాదు సంస్థానంలో 1945లో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రంగా డకోటాలనే నడిపింది. 1953 ఆగస్టు 1న జాతీయీకరణతో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

యుద్ధంలో ఎన్నో గంటలు తిరిగిన యంత్రాలను ప్రయాణికుల కోసం మళ్ళీ సిద్ధం చేయవలసి రావడం వల్ల, నిర్ణీత గంటల తరువాత ఇంజనును పూర్తిగా విప్పి పరీక్షించే పద్ధతి దక్షిణ భారతంలో నిత్యకృత్యమైంది. ఆ విధంగా పని నేర్చిన చేతులు ఇక్కడ తయారయ్యాయి. ఏమి వెతకాలో చెప్పే ఆదేశాలు మాత్రం తయారీ దేశాలనుంచే వచ్చేవి.

5. కామెట్ పాఠం

1953 మే 2న కలకత్తా నుంచి బయలుదేరిన బ్రిటిష్ కామెట్ జెట్ విమానం కొద్ది నిమిషాలకే గాలిలో ముక్కలై 43 మంది మరణించారు. భారతదేశంలో జరిగిన విచారణ తుఫాను గాలులలో నిర్మాణం విఫలమైనదని భావించింది. 1954 జనవరిలో, ఏప్రిల్‌లో మరి రెండు కామెట్ విమానాలు మధ్యధరా ప్రాంతంలో కూలిన తరువాత ఆ రకం యోగ్యతాపత్రాన్ని బ్రిటన్ రద్దు చేసింది. విమాన దేహాన్ని నీటితొట్టిలో ఉంచి పదేపదే పీడనానికి గురిచేసిన ప్రయోగాలు లోహపు అలసట అనే కారణాన్ని బయటపెట్టాయి.

కంటికి ఆరోగ్యంగా కనిపించే లోహం లోపల పగుళ్ళు పెంచుకుంటుందని తేలడంతో తనిఖీ స్వభావమే మారింది. చెడిన దానిని బాగుచేయడం అన్న పాత దృష్టి స్థానంలో, ఇంకా చెడని దానిని కాలం ప్రకారం వెతకడం, గడువు తీరిన భాగాన్ని బాగున్నా తీసివేయడం అన్న దృష్టి స్థిరపడింది. 1944 షికాగో ఒడంబడికకు అనుబంధమైన ఎనిమిదవ పత్రం ఈ దృష్టిని అంతర్జాతీయ బాధ్యతగా మలచింది. రూపకల్పన చేసిన దేశం తనకు తెలిసిన దోషాలను, తప్పనిసరి చర్యలను ఇతర దేశాలకు తెలపాలి. విమానం నమోదైన దేశం ఆ ఆదేశాన్ని యథాతథంగా స్వీకరించాలి, లేదా స్వయంగా పరిశీలించి తగిన చర్య తీసుకోవాలి. ఈ రెండవ అవకాశంలోనే స్వతంత్ర నిర్ణయానికి చోటు ఉంది.

6. సలహాకు, ఆదేశానికి నడుమ

తయారీ సంస్థ పంపే సర్వీస్ బులెటిన్ సాధారణంగా సలహా. దానిని ప్రభుత్వం తప్పనిసరి చేసినప్పుడు అది ఎయిర్‌వర్దీనెస్ డైరెక్టివ్, అనగా యోగ్యతాదేశం అవుతుంది. ఈ రెండింటి నడుమ గడిచే కాలం ఎంత విలువైనదో అమెరికాలోని ఒక ఉదంతం చూపుతుంది. 2016 ఆగస్టులో సౌత్‌వెస్ట్ సంస్థ విమానంలో సి.ఎఫ్.ఎం.56 ఇంజన్ ఫ్యాన్ రెక్క ఒకటి విరిగింది. 2017లో తయారీదారు తనిఖీలు సూచించగా, అమెరికా ప్రభుత్వ సంస్థ ఆదేశపు ముసాయిదాను ప్రకటించింది. తుది ఆదేశం రాకముందే 2018 ఏప్రిల్ 17న అదే సంస్థకు చెందిన మరో విమానంలో అదే రకం వైఫల్యం సంభవించి ఒక ప్రయాణికురాలు మరణించింది. మూడు రోజులకు అత్యవసర ఆదేశం వెలువడింది.

అదే సంవత్సరం భారతదేశంలో దీనికి భిన్నమైన నిర్ణయం ఒకటి జరిగింది. ఎయిర్‌బస్ ఎ320 నియో విమానాలకు అమర్చిన ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లలో కొన్నింటి కంప్రెసర్ భాగంలో దోషం బయటపడింది. 2018 ఫిబ్రవరిలో ఐరోపా సంస్థ ఇచ్చిన అత్యవసర ఆదేశం, రెండు ఇంజన్లూ దోషవర్గానికి చెందిన విమానాలను నిలిపివేసింది. ఒక ఇంజను మాత్రమే ఆ వర్గానికి చెందినదైతే పరిమితులతో ఎగరనిచ్చింది. మార్చి 12న అహ్మదాబాదు నుంచి లక్నోకు బయలుదేరిన ఇండిగో విమానం ఇంజన్ వైఫల్యంతో వెనుదిరిగింది. అదే రోజు భారత పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అటువంటి ఇంజను ఒక్కటి ఉన్నా ఎగరరాదని ఆదేశించి ఇండిగోకు చెందిన 8, గోఎయిర్‌కు చెందిన 3, మొత్తం 11 విమానాలను నేలకు దించింది. బళ్ళారి నాటి స్థితితో పోల్చినప్పుడు ఈ నిర్ణయపు చారిత్రక ప్రాధాన్యం స్పష్టమవుతుంది. దోషం గురించిన సమాచారం ఇప్పటికీ తయారీ దేశాలనుంచే వస్తుంది. దానిని తూచి, అంతకంటె కఠినంగా ఆజ్ఞాపించే అధికారం ఇక్కడ స్థిరపడింది.

7. తనిఖీ హద్దులు

1990లో పుట్టపర్తిలో శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు నిర్మించిన విమానాశ్రయంతో ఈ జిల్లా ఆకాశయానంతో నేరుగా ముడిపడింది. ప్రైవేటు విమానాశ్రయంలో దిగే చిన్న విమానమైనా, మహానగరాల నడుమ తిరిగే పెద్ద విమానమైనా యోగ్యతాదేశం ముందు సమానమే. ఆ రకం యంత్రం ఎక్కడ ఉన్నా ఆదేశం దానిని వెన్నంటి ఉంటుంది.

అయితే ప్రమాదాలన్నింటికీ మూలాన్ని తనిఖీ లోపంలోనే వెతకడం చరిత్రకు న్యాయం చేయదు. 2009 సెప్టెంబరు 2న బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టర్ నల్లమలలో కూలి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, మరి నలుగురు మరణించారు. కదిరికి పొరుగున ఉన్న పులివెందుల ప్రాంతంతో పాటు తెలుగు నేలంతటా హెలికాప్టర్ యోగ్యత గురించి తీవ్రమైన చర్చ సాగింది. ఆర్.కె. త్యాగి నాయకత్వంలోని దర్యాప్తు సంఘం ప్రతికూల వాతావరణంలో బలమైన అధోముఖ గాలికి లోనై హెలికాప్టర్ అదుపు తప్పినదని నిర్ధారించింది. కీలకమైన నిమిషాలలో ట్రాన్స్‌మిషన్ నూనె పీడనానికి సంబంధించిన సూచనపై, దానికి అనుసరించవలసిన విధానాన్ని వెతకడంపై పైలట్ల దృష్టి నిలిచిపోయినదని కూడా గుర్తించింది. యంత్రం ఇచ్చే సంకేతం, మనిషి తీసుకునే నిర్ణయం, వాతావరణం మూడూ కలిసే చోట తనిఖీ ఒక్కటే రక్షణ కాజాలదు. తనిఖీకి ఉన్న హద్దును గుర్తించడం దాని విలువను తగ్గించదు, దేనికి ఎవరు బాధ్యులో విడదీసి చూడడానికి తోడ్పడుతుంది.

8. శంషాబాద్: విప్పి చూసే స్థాయి

2025 నవంబరు 26న శంషాబాద్‌లోని జి.ఎం.ఆర్. ఏరోస్పేస్ పారిశ్రామిక ప్రాంగణంలో సఫ్రాన్ సంస్థ లీప్ ఇంజన్ల నిర్వహణ కేంద్రాన్ని ప్రధానమంత్రి దృశ్యమాధ్యమం ద్వారా ప్రారంభించారు. 45,000 చదరపు మీటర్ల విస్తీర్ణంలో, సుమారు 1,300 కోట్ల రూపాయల తొలి పెట్టుబడితో, ఏటా 300 ఇంజన్లను విప్పి బాగుచేయగల సామర్థ్యం లక్ష్యంగా దీనిని నిర్మించారు. బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలను, ఎ320 నియో విమానాలలో కొన్నింటిని నడిపే ఇంజన్లు ఇవే. ఇంతకాలం ఇటువంటి ఇంజన్లను లోతైన మరమ్మతు కోసం విదేశాలకు పంపవలసి రావడం వల్ల, ఆదేశం వెలువడినప్పుడు దాని అమలు అక్కడి కర్మాగారాల ఖాళీపై ఆధారపడేది. ఆజ్ఞాపించే అధికారానికి అమలుచేసే సామర్థ్యం కూడా తోడైనప్పుడే ఆదేశం సకాలంలో ఫలిస్తుంది.

9. ముగింపు

బళ్ళారి మజిలీ నుంచి శంషాబాద్ కేంద్రం దాకా సాగిన ఈ చరిత్రలో మూడు దశలు కనిపిస్తాయి. మొదటి దశలో జ్ఞానం, అధికారం, మరమ్మతు మూడూ ప్రధానంగా పరాయి నేలమీదివే. రెండవ దశలో మరమ్మతు చేసే నైపుణ్యం బెంగళూరు, హైదరాబాదులకు వచ్చింది. మూడవ దశలో ఆజ్ఞాపించే అధికారం ఈ దేశంలో దృఢపడింది. 1934 చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమం అమలులోకి రావడం ఈ మూడవ దశకు శాసనపరమైన గుర్తు. రూపకల్పన జ్ఞానం మాత్రం ఇంకా చాలావరకు బయటే ఉంది.

అందుచేత తెలుగు నేలపై విమానయానాన్ని పరిశోధించేవారు విమానాశ్రయాల ప్రారంభోత్సవాలకు, తొలి ప్రయాణాలకు ఇచ్చిన స్థానాన్ని లాగ్‌బుక్కులకు, తనిఖీ పత్రాలకు, నిర్వహణ ఇంజనీర్ల అనుభవాలకు కూడా ఇవ్వవలసి ఉంది. ఎగిరిన విమానాల చరిత్ర ఇప్పటికే కొంత నమోదైంది. ఎగరకుండా ఆపిన విమానాల చరిత్ర రాయవలసే ఉంది. ప్రయాణికుల ప్రాణాలు కాపాడిన నిర్ణయాలు ఎక్కువగా ఆ చరిత్రలోనే దొరుకుతాయి.