సంచికి అడుగే ప్రాణం



ప్రతి ఏడూ మన నివేదికలో పొదుపు ఎంత, తీసుకున్న అప్పు ఎంత, తిరిగి కట్టింది ఎంత అని లెక్కలు చూసుకుంటాం. ఈసారి ఆ లెక్కల పక్కన ఒక వస్తువు చరిత్ర కూడా ఉంటే బాగుంటుందని ఇది రాస్తున్నాను. ఆ వస్తువు సంచి. మన సంఘాల్లో చాలామంది మిషను మీద సంచులు కుట్టి నాలుగు రూపాయలు కళ్ళజూస్తున్నారు. సంచి కొన్నవాళ్ళు రంగు చూస్తారు, బేరం ఆడతారు. కానీ ఇంటికెళ్ళే దారిలో అడుగు ఊడి ఉల్లిపాయలు రోడ్డు మీద దొర్లాయంటే, మళ్ళీ మన మొహం చూడరు. సంచి చరిత్ర అంతా చదివితే నాకు అర్థమైంది ఒకటే. సంచి చేసే ప్రతివాళ్ళూ తంటాలు పడింది అడుగు దగ్గరే.

మన అమ్మమ్మల కాలంలో సంతకి వెళ్తే వెదురు గంపో, తాటాకు బుట్టో, గుడ్డసంచో పట్టుకెళ్ళేవారు. గంప అల్లేవాళ్ళని ఎప్పుడైనా చూశారా? ముందు అడుగే మొదలుపెడతారు. బద్దలు అడ్డంగా నిలువుగా పేర్చి, ఆ బద్దల్నే పైకి వంచి గోడలు లేపుతారు. అడుగుకీ గోడకీ మధ్య అతుకు ఉండదు. అందుకే గంప అంచులు అరిగిపోయినా అడుగు మాత్రం ఊడదు. కొట్లో పప్పు పొట్లం కట్టినా అంతే. ఒకే కాగితం చుట్టూ తిరుగుతుంది, పైన పురికొస బిగుస్తుంది. అడుక్కి వేరే ముక్క లేదు.

తర్వాత గోనెసంచి. ఈ చరిత్ర మన జిల్లాలదే. శ్రీకాకుళం, విజయనగరం మెట్ట భూముల్లో గోగు పండించేవారు. కోసిన గోగు కట్టలు చెరువులో నానబెట్టి, కుళ్ళిన తర్వాత నీళ్ళలో నిలబడి నార తీసేవారు. ఆ కంపు, ఆ నడుంనొప్పి మనలో పెద్దవాళ్ళకి బాగా తెలుసు. నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం, సాలూరు వైపు జూట్ మిల్లులు, పక్కనే భీమిలి దగ్గర చిట్టివలస మిల్లు ఎన్నో కుటుంబాలకి కూడు పెట్టాయి. చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది. ధాన్యం, పంచదార గోనెసంచుల్లోనే నింపాలని కేంద్ర ప్రభుత్వం 1987లో చట్టం తెచ్చింది కాబట్టి జనపనార ఈ మాత్రమైనా నిలబడింది.

ఇంట్లో గోనెసంచి ఉంటే ఒకసారి తిరగేసి చూడండి. బియ్యం నింపే 50 కిలోల గోనె బరువు 580 గ్రాములు. దాని కుట్లు రెండు పక్కలా ఉంటాయి. అడుగున కుట్టు లేదు, మడత ఉంది. పొడుగాటి గుడ్డని సగానికి మడిచి పక్కలు కుట్టేస్తారు. బరువంతా మడత మీద పడుతుంది, కుట్టు మీద కాదు. ఇప్పుడొచ్చే తెల్ల ప్లాస్టిక్ బస్తా దీనికి తిరకాసు. దాన్ని గొట్టంలా నేస్తారు కాబట్టి పక్కన కుట్టు లేదు, ఉన్నదంతా అడుగునే. ఆ కుట్టు గొలుసుకుట్టు. దారం కొస దొరికిందంటే సర్రున మొత్తం ఊడి వస్తుంది. బస్తా విప్పేటప్పుడు మనకది సుఖం. మోసేవాడి వీపు మీద ఊడితే మాత్రం కష్టం.

ఇక కాగితం సంచి. ఇందులో ఒక ఆడమనిషి కథ ఉంది, అది మన సభ్యులందరికీ తెలియాలి. ఆమె పేరు మార్గరెట్ నైట్. 1838లో అమెరికాలో పుట్టింది. పెద్ద చదువు లేదు, చిన్నప్పుడే బట్టల మిల్లులో పనికి కుదిరింది. తర్వాత స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో కాగితం సంచుల కంపెనీలో పనిచేసింది. అప్పట్లో మిషను మీద తయారయ్యే కాగితం సంచులు ఉత్తరం కవరులా ఉండేవి. నిలబెడితే నిలబడవు, సామాను నింపితే కింద చిరుగుతాయి. పలక లాంటి అడుగు ఉన్న సంచి కావాలంటే చేత్తో మడిచి అంటించాల్సిందే. నైట్ కొన్నాళ్ళు బుర్ర పెట్టి, కాగితాన్ని కోసి, మడిచి, అడుగు అంటించే మిషను తయారుచేసింది. ముందు చెక్కతో నమూనా చేసింది, తర్వాత ఇనుముతో చేయించింది.

ఇనుప మిషను చేస్తున్న చోట చార్లెస్ అన్నన్ అనేవాడు దాన్ని చూసి తన పేరు మీద పేటెంటు తీసుకున్నాడు. పేటెంటు అంటే కనిపెట్టినవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే హక్కు పత్రం. నైట్ ఊరుకోలేదు. పోరాటానికి దిగింది. తను గీసుకున్న బొమ్మలు, రాసుకున్న కాగితాలు, చూసిన సాక్షులు, అన్నీ ముందు పెట్టి గెలిచింది. 1871లో పేటెంటు ఆమె పేరు మీద వచ్చింది. ఆ రోజుల్లో ఆమె దేశంలో ఆడవాళ్ళకి ఓటు హక్కు కూడా లేదు. ఆమెను గెలిపించింది రాసి దాచుకున్న కాగితం. సమావేశం అయిన ప్రతిసారీ మినిట్స్ పుస్తకం రాయమని మన సమాఖ్యలో ఎందుకు పట్టుబడతామో ఈ కథ వింటే కుర్రపిల్లలకి కూడా తెలుస్తుంది. ఈరోజుకీ పలక అడుగు కాగితం సంచికి ఆమె వేసిన దారే మూలం.

ప్లాస్టిక్ కవరు ఇంకా తర్వాతిది. పాలిథిన్ 1933లో ఇంగ్లండులో బయటపడింది. చేతులున్న కవరుని స్వీడన్ దేశంలో సెల్లోప్లాస్ట్ కంపెనీకి చెందిన స్టెన్ గుస్తాఫ్ తూలిన్ తయారుచేశాడు. 1965లో అమెరికా పేటెంటు వచ్చింది. ఆ ఉపాయం చాలా తేలిక. పాలిథిన్‌ని గొట్టంలా ఊదుతారు. పక్కల్ని లోపలికి మడిచి చదును చేస్తారు. పైనా కిందా వేడి కడ్డీతో నొక్కి అతికిస్తారు. పైన ఒక ముక్క కోసి తీసేస్తే రెండు చేతులు మిగులుతాయి, బనియన్ ఆకారం వస్తుంది. కుట్టు లేదు, జిగురు లేదు, వేరే పట్టీ లేదు. కొన్ని గ్రాముల ప్లాస్టిక్ కొన్ని కిలోల సామాను మోస్తుంది. అందుకే దేశదేశాలూ పాకింది. మన ఊరి కొట్లలోకీ వచ్చాక గుడ్డసంచి మేకుకి వేలాడుతూ ఉండిపోయింది.

అయితే ఆ కవరు ప్రాణం కూడా అడుగునే ఉంది. మనందరం అన్న మాటే ఇది: "ఏటమ్మా ఈ కవరు, అడుగు ఊడిపోనాది!" ఎందుకు ఊడుతుందో చెప్తాను. కవరు పక్కలు లోపలికి మడిచి ఉంటాయి కదా, అడుగు అతికించే చోట మధ్యలో రెండు పొరలు, అంచుల్లో నాలుగు పొరలు పడతాయి. కడ్డీ వేడి మాత్రం ఒక్కటే. నాలుగు పొరలకి సరిపడా వేడి పెడితే రెండు పొరల దగ్గర ప్లాస్టిక్ కరిగి పలచనవుతుంది. రెండు పొరలకి సరిపడా పెడితే నాలుగు పొరలు సరిగ్గా అంటవు. రెండు కలిసే చోట సన్న బొక్క కూడా మిగలొచ్చు. చేపలు వేస్తే నీళ్ళు కారేది అక్కడే. మనం చేతులు పట్టుకుని ఎత్తితే బరువు పక్కల వెంట వచ్చి ఆ మూలల్నే లాగుతుంది.

దీనికి కంపెనీలు రకరకాల మార్గాలు వెతికాయి. ఒక అతుకు బదులు పక్కపక్కనే రెండు అతుకులు వేశారు. అతుకు కింద కాస్త ప్లాస్టిక్ వదిలి కోశారు. ఇంకోటి నక్షత్రం అతుకు. అడుగుని చాలా మడతలు పెట్టి ఒకచోటికి చేర్చి అతికిస్తారు, విప్పితే నక్షత్రంలా కనిపిస్తుంది. అప్పుడు బరువు ఒక్క మూల మీద పడకుండా అన్ని వైపులకీ పంచుకుంటుంది. చెత్త వేసే చుట్టల కవర్లలో ఇది చూడొచ్చు. పదిమందిమి తలా కొంచెం మోసినట్టే ఇది కూడా.

కవరు గట్టిదైనా పలచనిదైనా, వాడి పారేస్తే కాలవలో పడుతుంది, ఆవు కడుపులో పడుతుంది. వరదల్లో కాలవలు పూడుకుపోయిన బంగ్లాదేశ్ 2002లో పాలిథిన్ సంచుల్ని నిషేధించింది. మన దేశంలో 1999లో కవరు మందం కనీసం 20 మైక్రాన్లు ఉండాలన్నారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 2011లో 40 అన్నారు, 2016లో 50 అన్నారు. 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120 అయింది. గుడ్డలా కనిపించే నాన్ ఓవెన్ సంచి కూడా ప్లాస్టిక్కే. దానికి చదరపు మీటరుకి 60 గ్రాముల బరువు ఉండాలని నియమం. ఈ లెక్కలు గుర్తుంచుకోండి. కొట్టువాళ్ళతో మాట్లాడేటప్పుడు పనికొస్తాయి.

ఈ మార్పే మనకి పని తెచ్చింది. 2000 సంవత్సరంలో వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం ఉన్నాయి. అప్పటినుంచి పొదుపు చేయడం, అప్పు తీర్చడం మన జిల్లాల ఆడవాళ్ళు నేర్పుగా చేస్తున్నారు. ఇప్పుడు వస్తువు చేసి అమ్మే మెట్టు ఎక్కాం. ఇక్కడ కవరుతో ధరలో పోటీ పడలేం. దాని ధర పైసల్లో ఉంటుంది. మనం గెలవాల్సింది అడుగులోనే. ఒక సంచి ఏళ్ళ తరబడి బరువు మోస్తే కొన్నవాళ్ళు ధర మర్చిపోతారు.

అందుకే సంచులు కుట్టే సభ్యులకి నా మనవి.

మొదటిది, గోనె దగ్గర నేర్చుకుందాం. గుడ్డ వీలైనంత వరకూ ఒకే ముక్కగా తీసుకుని అడుగున మడత పెట్టండి, కుట్టు పక్కలకి వెయ్యండి.

రెండోది, పక్కలకి ఒక్క కుట్టుతో వదలొద్దు. ముందు మంచివైపు బయటికి ఉంచి అంచున కుట్టి, లోపలికి తిప్పి, ఆ అంచు మూసుకుపోయేలా మళ్ళీ కుట్టండి. పోగులు లేవవు.

మూడోది, అడుగు రెండు మూలల్నీ ముక్కోణంగా మడిచి అడ్డంగా కుట్టండి. సంచి పలకగా నిలబడుతుంది, బరువు మూలలో కూరుకోదు. నైట్ కాగితంతో చేసింది కూడా పలక అడుగే.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. పట్టీని పై అంచు దగ్గర రెండు కుట్లతో తగిలించి వదిలేయకండి. పట్టీని సంచి ఒంటి మీదుగా కిందికి దింపి, అడుగు కిందనుంచి తిప్పి, అవతలి వైపు పైకి తెచ్చి కుట్టండి. అప్పుడు పట్టీయే అడుగుని ఎత్తుతుంది. గుడ్డ చిరిగినా సామాను జారదు. పట్టీ కొంచెం ఎక్కువ పడుతుంది. ఆ ఖర్చు ధరలో వేసుకుని, ఎందుకు వేశామో కొనేవాళ్ళకి సంచి తిరగేసి చూపించండి.

చివరగా, పెద్ద ఆర్డరు ఏదైనా పంపేముందు అందులో ఒక సంచి తీసి, కొట్లో నింపినంత సామాను నింపి, ఒక రాత్రంతా కొక్కేనికి వేలాడదీయండి. పొద్దున్నే దించి కుట్లు చూడండి. ఏ సంచి ఎవరు కుట్టారో, ఎంత బరువు ఆగిందో పుస్తకంలో రాయండి. వచ్చే ఏడాది నివేదికలో పొదుపు లెక్కల పక్కన ఆ లెక్క కూడా అచ్చు కావాలని కోరుకుంటున్నాను.